తిరిగిరాని డిపాజిట్ కట్టాక క్రూయిజ్‌లో క్యాబిన్లు మార్చాలంటే

క్రూయిజ్ (ఓడ విహారం) బుక్ చేసిన రోజున ఎవరు ఏ క్యాబిన్‌లో, అంటే ఓడలోని ఏ గదిలో ఉంటారో తేలిపోయినట్టే ఉంటుంది. ప్రయాణం దగ్గరపడేకొద్దీ లెక్క మారుతుంది. అత్తయ్య రాలేనంటుంది, పిల్లలు తాతయ్య దగ్గరే పడుకుంటామంటారు, ఇంకో ఇద్దరు మేమూ వస్తామంటారు. తిరిగివ్వని డిపాజిట్ పద్ధతిలో ధర కొంత తక్కువ కాబట్టి చాలామందిమి అదే తీసుకుంటాం. రద్దు చేస్తే ఆ డబ్బు పోతుందనీ తెలుసు. కానీ మనం ‘మార్పు’ అనుకుని అడిగింది అవతల ‘రద్దు’గా నమోదు కావచ్చన్నది ఎవరికీ తట్టదు.

మాకు అలాగే జరిగింది. ఎనిమిది మందిమి, మూడు క్యాబిన్లు. ఇద్దరు తగ్గారు కదా, ఆరుగురినీ రెండు క్యాబిన్లలో సర్దమని ఏజెంటుకు చెప్పాం. అతను మూడో క్యాబిన్‌ని రద్దు చేసి, అందులోని ఇద్దరినీ మిగతా వాటిలో కొత్తగా చేర్చాడు. ఆ ఇద్దరి డిపాజిట్ పోయింది, పైగా ఆ రోజు ధర పడింది. ఆ డిపాజిట్‌ను మిగతా బుకింగ్‌లకు మళ్లించే వీలుందా అని మేం ముందుగా అడగనే లేదు. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

అందుకే ఫోన్ చేసినప్పుడు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇది: ఇదే బుకింగ్ నంబరు మీద మారుస్తారా, లేక రద్దు చేసి మళ్లీ బుక్ చేస్తారా? జవాబు వచ్చేదాకా దేనికీ సరేననకండి. మార్పు తర్వాత మొత్తం ఎంతవుతుంది, పాత ఆఫర్లు, ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి ఇచ్చిన క్రెడిట్ నిలుస్తాయా అన్నది ఈమెయిల్‌లో రాయించుకోండి. ఓడ, తేదీ అవే ఉంచి క్యాబిన్ మాత్రమే మార్చుకుంటే చాలా సంస్థలు విడిగా రుసుము తీసుకోవు. రాయల్ కరీబియన్ అనే క్రూయిజ్ సంస్థలో తిరిగివ్వని డిపాజిట్ బుకింగ్‌కి ఓడ గానీ తేదీ గానీ మారిస్తే మనిషికి 100 డాలర్ల రుసుము ఉంటుంది. రుసుము లేదన్నంత మాత్రాన ఖర్చు లేదని కాదు, కొత్త క్యాబిన్‌కి ఇవాళ్టి ధర వేస్తారు. వదిలేసిన పాత క్యాబిన్‌ని క్షణాల్లో ఇంకెవరో తీసుకోవచ్చు కూడా. కొత్తది చేతికొచ్చాకే పాతది వదలండి.

పేర్లు తీసేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. క్యాబిన్ ధర ఇద్దరి లెక్క మీద కడతారు. ఒకరు తప్పుకుంటే మిగిలిన ఒక్కరే దాదాపు ఇద్దరి ఛార్జీ భరించాల్సి రావచ్చు. మూడో, నాలుగో వ్యక్తికి సాధారణంగా తక్కువ ధర ఉంటుంది. రెండో పేరు తీసేస్తే మూడో వ్యక్తి ఆ స్థానంలోకి జరిగి పూర్తి ధరలోకి వస్తాడు. అసలు బుక్ చేసినవాళ్లలో కనీసం ఒకరి పేరైనా ఆ క్యాబిన్‌లో ఉండాలని చాలాచోట్ల నియమం, కాబట్టి అందరి పేర్లూ ఒకేసారి తీయించకండి. మంచం ఖాళీ ఉన్నా మరో మనిషిని చేర్చలేమనవచ్చు. ఓడలో ఆ భాగానికి కేటాయించిన లైఫ్‌బోట్లలో చోటు నిండితే వాళ్లు చేయగలిగిందేమీ లేదు.

ఏజెంటు ద్వారా బుక్ చేస్తే మార్పులూ అతని ద్వారానే జరగాలి. పూర్తి సొమ్ము కట్టే గడువు మామూలుగా ప్రయాణానికి 75 నుంచి 120 రోజుల ముందు ఉంటుంది, ఆ తర్వాత రద్దు చేస్తే జరిమానా డిపాజిట్‌తో ఆగదు. గడువుకు రెండు వారాల ముందే తేల్చుకోండి.

ఇంతకీ అసలు మార్చాలా? ఎవరు ఎక్కడ పడుకోవాలన్నదే సమస్య అయితే, నా మటుకు కాగితం మీద పేర్లు కదపకపోవడమే మేలంటాను. ఓడ ఎక్కాక గెస్ట్ సర్వీసెస్ కౌంటర్లో అడిగితే చాలా ఓడల్లో రెండో క్యాబిన్‌కి అదనపు తాళం కార్డు ఇస్తారు. పిల్లల వయసు నియమాలు మాత్రం ముందే చూసుకోండి. కొన్ని సంస్థలు అమెరికా నుంచి బయలుదేరే ఓడల్లో ప్రతి క్యాబిన్‌లో 21 ఏళ్లు నిండినవారు ఒకరుండాలంటాయి, తల్లిదండ్రులు పక్క క్యాబిన్‌లో ఉంటే సడలిస్తాయి. డ్రింక్స్ ప్యాకేజీ ఒకరు తీసుకుంటే అదే క్యాబిన్‌లోని పెద్దవాళ్లంతా తీసుకోవాలనే షరతు కూడా కాగితం మీది పేర్లనే చూస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం అలసత్వం వద్దు. ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చెప్పే మస్టర్ స్టేషన్ మీ కార్డు మీద ఉంటుంది. 2012 జనవరిలో కోస్తా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ ఇటలీ తీరంలో మునిగినప్పుడు, ప్రమాదంలో ఏం చేయాలో నేర్పే డ్రిల్ ఆ రోజే ఎక్కిన ప్రయాణికులకు ఇంకా జరగనేలేదు. ఆ దుర్ఘటనలో 32 మంది చనిపోయారు. మీ పాప పేరు ఒక క్యాబిన్‌లో ఉండి, పడుకునేది ఇంకో క్యాబిన్‌లో అయితే ఆ మాట మొదటి రోజే సిబ్బందికి చెప్పండి. అత్యవసరంలో పాప చెయ్యి పట్టుకుని ఏ స్టేషన్‌కి ఎవరు తీసుకెళ్లాలో ఇంట్లోవాళ్లంతా అప్పుడే అనుకోండి.