క్యాంపస్ బయట స్ట్రెంత్ కోచింగ్ ప్రాక్టికమ్: ఎఫ్-1 విద్యార్థులు సీపీటీకి దరఖాస్తు ఎలా పెట్టాలి

అమెరికాలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఎక్సర్‌సైజ్ సైన్స్, కినీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) చదివే మనవాళ్లు, ముఖ్యంగా ఇక్కడ బీపీటీయో బీపీఎడ్డో చేసి మాస్టర్స్‌కి వెళ్లినవాళ్లు, ప్రాక్టికమ్ (కోర్సులో భాగంగా పని చేస్తూ నేర్చుకునే శిక్షణ) దగ్గరికొచ్చేసరికి ఎక్కువగా ఒకే విషయంలో పొరపాటు పడుతున్నారు. ట్రైనింగ్ సెంటర్‌లో కోచ్ "సోమవారం నుంచి వచ్చెయ్" అంటాడు, జీతం ఎలాగూ లేదు, ఇక పర్మిషన్ దేనికిలే అనుకుని వెళ్లిపోతారు. దయచేసి అలా వెళ్లకండి. కోర్సులో భాగంగా క్యాంపస్ బయట చేసే పనికి సీపీటీ, అంటే కరిక్యులర్ ప్రాక్టికల్ ట్రైనింగ్ అనుమతి ఉండాలి. జీతం లేని ప్రాక్టికమ్‌కి కూడా చాలా యూనివర్సిటీలు దీన్ని తప్పనిసరి చేశాయి. మీ యూనివర్సిటీ జట్ల వెయిట్ రూమ్‌లోనే చేస్తే లెక్క వేరు, అది కూడా ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి తేల్చుకోండి.

దీనికి ఇమిగ్రేషన్ శాఖకి ఫారం పంపక్కర్లేదు, ప్రభుత్వ ఫీజు లేదు, ఈఏడీ కార్డు (పని అనుమతి కార్డు) రాదు. మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓ అనే అధికారి సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) ఎక్కించి కొత్త ఐ-20 (మీ స్టూడెంట్ స్టేటస్‌కి ఆధారమైన పత్రం) ఇస్తారు, అనుమతి అంటే అదే. అర్హత విషయానికొస్తే, ఒక పూర్తి అకడమిక్ సంవత్సరం ఫుల్‌టైమ్ చదివి ఉండాలి (మొదటి సెమిస్టర్ నుంచే ప్రాక్టికమ్ తప్పనిసరి అని ప్రోగ్రామ్‌లోనే ఉన్న మాస్టర్స్ వాళ్లకి మినహాయింపు ఉంది), పని మీ మేజర్‌కి సంబంధించినదై, సిలబస్‌లో భాగమై ఉండాలి.

అన్నిటికన్నా ఆలస్యమయ్యేది దరఖాస్తు కాదు, దానికి ముందు జరిగే పని. మీరు చేరబోయే హైస్కూలుకో ప్రైవేట్ సెంటర్‌కో మీ డిపార్ట్‌మెంట్‌తో అఫిలియేషన్ అగ్రిమెంట్ (విద్యార్థుల్ని శిక్షణకి పంపే ఒప్పందం) ఉందా లేదా అన్నది మొదట కనుక్కోండి. లేకపోతే రెండు వైపులా లాయర్లు చూసి సంతకాలు అయ్యేసరికి వారాలు గడిచిపోతాయి, అందుకే ముందు సెమిస్టర్‌లోనే సైట్ ఖాయం చేసుకోవాలి. ఈ లోపు సీపీఆర్-ఏఈడీ (గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) సర్టిఫికెట్, బ్యాక్‌గ్రౌండ్ చెక్, సైట్ అడిగితే లయబిలిటీ ఇన్సూరెన్స్ పూర్తి చేసుకోండి. సూపర్‌వైజర్‌కి సీఎస్‌సీఎస్ లాంటి స్ట్రెంత్ కోచ్ సర్టిఫికేషన్ ఉండాలని చాలా డిపార్ట్‌మెంట్లు అడుగుతాయి, అడగకపోయినా అలాంటి కోచ్ దగ్గరే చేరండి, నేర్చుకునేదంతా ఆయన పక్కన నిలబడే కదా.

తర్వాత ఆఫర్ లెటర్. లెటర్‌హెడ్ మీద సంస్థ పేరు, పని చేసే చోటి పూర్తి చిరునామా, మొదలు, ముగింపు తేదీలు, వారానికి ఎన్ని గంటలు, సూపర్‌వైజర్ పేరు, హోదా ఉండాలి. విధులు రాసే చోట "అథ్లెట్లకు సహాయం చేయడం" అని ఒక్క ముక్కతో సరిపెడితే సందేహాలు వచ్చి వెనక్కి పంపే అవకాశం ఉంది. దానికి బదులు, వాలీబాల్ జట్టుకి వార్మప్ చేయించడం, స్క్వాట్‌లోనూ ట్రాప్‌బార్ డెడ్‌లిఫ్ట్‌లోనూ టెక్నిక్ సరిదిద్దడం, వర్టికల్ జంప్, 10 గజాల స్ప్రింట్ టెస్టులు తీసి షీట్‌లో ఎక్కించడం, సూపర్‌వైజర్ పర్యవేక్షణలో ఆఫ్ సీజన్ ప్రోగ్రామ్ రాయడం, ఇలా రాయించండి. రిసెప్షన్‌లో కూర్చోవడం, మెంబర్‌షిప్‌లు అమ్మడం లాంటివి అందులో కనిపిస్తే మాత్రం ఆ సైట్ గురించి మళ్లీ ఆలోచించండి.

లెటర్ వచ్చాక ఫ్యాకల్టీ అడ్వైజర్ ఆమోదం తీసుకుని, ప్రాక్టికమ్ కోర్సుకి రిజిస్టర్ అయ్యి, ఇంటర్నేషనల్ ఆఫీసు పోర్టల్‌లో రిక్వెస్ట్ పెట్టండి. కొత్త ఐ-20 రాగానే రెండో పేజీ తెరిచి సంస్థ పేరు, తేదీలు, పార్ట్‌టైమా ఫుల్‌టైమా అన్నవి అక్షరం అక్షరం చూసుకోండి. ఆ మొదటి తేదీకి ముందు ఒక్క రోజు, ఒక్క సెషన్ కూడా చేయకూడదు, చేస్తే అనుమతి లేని ఉద్యోగంగా లెక్కవేసి స్టేటస్‌కే ఎసరు పెట్టే ప్రమాదం ఉంది. సైట్ మారితే మళ్లీ కొత్త అనుమతి.

గంటల లెక్క ముందే వేసుకోవాలి. వారానికి 20 గంటల వరకు పార్ట్‌టైమ్, అది దాటితే ఫుల్‌టైమ్. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ స్థాయికి ఓపీటీ (ఎక్కువమంది డిగ్రీ అయ్యాక వాడుకునే పని అనుమతి) పోతుంది, పార్ట్‌టైమ్ మాత్రం ఈ లెక్కలోకి రాదు. కాలేజీ జట్లకి కోచ్ అవ్వాలని ఎస్‌సీసీసీ సర్టిఫికేషన్ మీద కన్నేసిన వాళ్లకి 640 గంటల ప్రాక్టికమ్ కావాలి: వారానికి 20 చొప్పున 32 వారాలు, 40 చొప్పున 16 వారాలు. ఒక సెమిస్టర్‌లో పార్ట్‌టైమ్‌గా ఇది తెగదు, కాబట్టి వేసవిలో ఫుల్‌టైమ్ కుదురుతుందేమో అడ్వైజర్‌తో మాట్లాడండి. సీఎస్‌సీఎస్‌కి ఇలా గంటల నిబంధన లేదు, డిగ్రీ, సీపీఆర్-ఏఈడీ, పరీక్ష చాలు. కానీ 2030 నుంచి గుర్తింపు పొందిన స్ట్రెంత్ అండ్ కండిషనింగ్ ప్రోగ్రామ్‌లో చదివి ఉండాలన్న నిబంధన వస్తోంది, ఇప్పుడు అడ్మిషన్ల కోసం చూస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కాలేజీ ఎంచుకునేటప్పుడే అది చూసుకోవాలి.

జీతం ఇచ్చే సైట్ అయితే సోషల్ సెక్యూరిటీ నంబర్ కావాలి. పని మొదలయ్యే తేదీకి 30 రోజుల లోపే దానికి దరఖాస్తు తీసుకుంటారు. పాస్‌పోర్ట్, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు రికార్డు), సీపీటీ ఉన్న ఐ-20, ఆఫర్ లెటర్ పట్టుకెళ్లండి.

చేరాక రోజువారీ లాగ్ ఏ రోజుది ఆ రోజే రాసి, వారం వారం సూపర్‌వైజర్ సంతకం తీసుకోండి, సెమిస్టర్ చివర్లో ఆ కోచ్ జట్టుతో టూర్‌లో ఉంటే సంతకం కోసం టెన్షన్ పడాల్సి వస్తుంది. గంటలు మిగిలిపోయేలా ఉంటే ఐ-20 మీది ఆఖరి తేదీ దాటకముందే పొడిగింపు అడగండి, దానికి మళ్లీ కోర్సు రిజిస్ట్రేషన్ కావాలంటారేమో కనుక్కోండి. ఆ తేదీ తర్వాత కోచ్ ఎంత బతిమాలినా వెళ్లకండి. పాత ఐ-20లు ఒక్కటీ పారేయకండి, రేపు ఓపీటీకో హెచ్-1బీకో సీపీటీ ఉన్న ప్రతి ఐ-20 కాపీ అడగొచ్చు.