కొండ ఊటకు మళ్లీ నీరు తేవడం ఎలా?

శేషాచలం కొండల కింది ఊళ్లలో ఊట ఎండగానే చాలామంది జేసీబీని పిలిపిస్తారు. ఊటకన్నును వెడల్పు చేసి సిమెంటు పూస్తే ఒక ఏడాది నీరు కనిపించవచ్చు గానీ, పగుళ్లు కదిలి నీరు మరో దారి పట్టిందంటే వెనక్కు మళ్లించడం ఎవరి తరమూ కాదు. అందువల్ల పనిని ఊట దగ్గర కాక, వాన ఇంకే పైచోట మొదలుపెట్టాలి.

ఆ చోటును కనిపెట్టడమే ఇందులో కష్టం. తిరుమల ఘాట్‌రోడ్డు కోసం కొండను తొలిచిన చోట పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ అనే రాయి, దాని కింద గ్రానైట్ కనిపిస్తాయి. పైరాతి పగుళ్లలోంచి దిగిన నీరు లోపల గట్టిరాయి తగిలాక పొర ఎటు వాలితే అటు నడుస్తుంది కాబట్టి, మన ఊటకు నీరు కొండ అవతలి వాలు నుంచి కూడా వస్తూ ఉండవచ్చు. రాతి వాలును భూగర్భజల నిపుణులకు చూపించుకోవాలి. మేకల కాపరులను, యానాది పెద్దలను వెంటబెట్టుకుని తిరిగితే నడివేసవిలోనూ పచ్చగా ఉండే చోట్లు, పూడిపోయిన పాత చెలమలు తెలుస్తాయి.

ఈ కొండల్లో కొంత భాగం 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ వనం కిందికి వస్తుంది. అటవీ శాఖ అనుమతి లేనిదే అక్కడ రాయి కూడా కదపకూడదు.

పనికి ముందు నుంచే నెలకొకసారి ఊట ధారను కొలిచి రాసిపెట్టుకోవాలి. 10 లీటర్ల బకెట్ 40 సెకన్లలో నిండితే నిమిషానికి 15 లీటర్లు వస్తున్నట్టు. నవంబరులో ధార పెరగడం వానల వల్లే కావచ్చు. అసలు చూడవలసింది మే నెల అంకె.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి కనుక పైచోట వాననీరు ఇంకడానికి తవ్వే కందకాలు సెప్టెంబరులోపే ముగియాలి. నీటిగొట్టంతో మట్టం చూసి, వాలుకు అడ్డంగా అడుగున్నర లోతున తవ్వి, మట్టిని కింది అంచున పోసి గడ్డి నాటాలి. నిటారు వాలులో కందకం ప్రమాదం. అక్కడ వంకలకు అడ్డంగా రాతికట్టలు పేర్చితే చాలు. లాంటానా అనే కలుపు పొదను పైపైన కొడితే మళ్లీ చిగురిస్తుంది; కాయ పండకముందే మొదలుకు దిగువన వేరును నరికి, పొదను తలకిందులుగా వదిలి, ఖాళీ అయిన చోట వెంటనే స్థానిక గడ్డి విత్తాలి.

దిగువనున్న కుంటలో పూడిక తీసి పొలాలకు తోలుకోవచ్చు గానీ, అడుగు బంకమట్టిని చీల్చితే నీరు నిలవదు. ఒక గట్టున తుంగను, జమ్మును పక్షుల కోసం వదిలేయాలి.

తడిరాతి సందులకు సిమెంటు పూయరాదు. బంగారు బల్లి గుడ్లు పెట్టేది అక్కడే. మడుగుకు ఒకవైపు ఏటవాలు ఉంచితే జింకపిల్లలు పడినా ఎక్కి రాగలవు. పశువుల తొట్టిని బాగా దిగువన కట్టి, చీకటి పడ్డాక ఊట దగ్గరకు ఎవరూ వెళ్లకూడదని గ్రామసభలోనే తీర్మానించుకోవాలి. పలమనేరు వైపు ఏనుగులు తిరిగే చోట పైపును భూమిలో పాతిపెట్టాలి, తొట్టిని ఇళ్లకు దూరంగా ఉంచాలి.