స్టేజీ మీద అకౌస్టిక్ గిటార్: పియెజో పికప్ నుంచి మంచి శబ్దం రాబట్టడం

స్టేజీ మీద గిటార్ పలచగా, గీరినట్టు వినిపించగానే చాలామంది ఈక్యూ (బేస్, ట్రెబుల్ లాంటివి పెంచి తగ్గించే నాబ్‌లు) తిప్పడం మొదలుపెడతారు. ముందు చూడాల్సింది ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే విద్యుత్ నిరోధం; దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. శాడిల్ (తీగలు ఆనే సన్నని పట్టీ) కింద ఉండి తీగల ఒత్తిడిని సిగ్నల్‌గా మార్చే పియెజో పికప్‌ని ప్రీయాంప్ (సిగ్నల్‌ని బలపరిచే పరికరం) లేకుండా నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కి కలిపితే, అక్కడ ఉండేది 10 కిలో ఓమ్‌ల చుట్టుపక్కలే కాబట్టి, బేస్ అక్కడే పోతుంది. అలా పోయినదాన్ని ఈక్యూతో సరిగా తిరిగి తెచ్చుకోలేం. కనీసం 1 మెగా ఓమ్, వీలైతే 10 మెగా ఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్ వాడండి. మామూలు పాసివ్ (కరెంటు అవసరం లేని) డీఐ బాక్స్, అంటే గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే పెట్టె, ఈ పనికి చాలదు. గిటార్‌లోనే బ్యాటరీ ప్రీయాంప్ ఉంటే ఏ డీఐ అయినా ఫరవాలేదు.

ఆ 9 వోల్టుల బ్యాటరీని ప్రదర్శనకు ముందే మార్చేయండి. అది నీరసిస్తే గట్టిగా స్ట్రమ్ చేసినప్పుడల్లా శబ్దం పగులుతుంది. చాలా గిటార్లలో జాక్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, కాబట్టి వాయించడం అయ్యాక తీసేయండి. తీసేముందు ఛానల్ మ్యూట్ చేయించడం మరవద్దు.

సౌండ్‌చెక్‌లో మెల్లగా మీటి ఊరుకోకండి. పాటలో ఎంత గట్టిగా వాయిస్తారో అంత గట్టిగానూ వాయించి గెయిన్ (మిక్సర్‌లోకి వచ్చే సిగ్నల్ స్థాయి) పెట్టించుకోండి.

అసలు పోరు ఫీడ్‌బ్యాక్‌తోనే. గిటార్ డొల్లలోని గాలి చాలా గిటార్లలో 100 హెర్ట్జ్ దగ్గర సహజంగా మోగుతుంది. వాయించేవాళ్ల వైపు పెట్టే స్పీకరైన మానిటర్‌లోంచి అదే స్వరం వచ్చి తగిలితే హోరు మొదలవుతుంది, అదే ఫీడ్‌బ్యాక్. సౌండ్‌హోల్‌కి రబ్బరు మూత పెట్టడం అన్నిటికంటే తేలికైన మందు. పియెజో శబ్దం దీనివల్ల పెద్దగా మారదు. తర్వాత ఫేజ్ బటన్ (సిగ్నల్‌ని తలకిందులు చేసేది) రెండు వైపులా నొక్కి చూసి, హోరు ఆలస్యంగా వచ్చే వైపు ఉంచండి. మానిటర్‌కి మీ దూరం మారితే మళ్లీ చూసుకోవాలి. అప్పటికీ తగ్గకపోతే, మానిటర్‌ని హోరు అంచుదాకా పెంచి, ఒక సన్నని పట్టీలోని స్వరాలనే కోసే నాచ్ ఫిల్టర్‌ని 80 నుంచి 250 హెర్ట్జ్ మధ్య జరుపుతూ ఆ స్వరం అణిగేచోట ఆపండి. 6 డెసిబెల్స్ కోత చాలాసార్లు సరిపోతుంది. నాచ్ వెడల్పు మాత్రం సన్నగా ఉండాలి, లేకపోతే గిటార్ నిండుదనం కూడా దానితోపాటే పోతుంది.

ఈక్యూ ఇక్కడి నుంచి. అన్నీ మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. అన్నిటికంటే లావైన ఈ (E) తీగ 82 హెర్ట్జ్ కాబట్టి, అంతకన్నా కింది శబ్దాలను కోసే హై‌పాస్ 80 దగ్గర పెట్టవచ్చు, బ్యాండులో బేస్ గిటార్ ఉంటే 120 దాకా జరపవచ్చు. పియెజోకి పేరుమోసిన ఆ ప్లాస్టిక్ లాంటి టక్కుటక్కు శబ్దం ఎక్కువగా 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. అక్కడ వెడల్పుగా 3, 4 డెసిబెల్స్ తగ్గించండి. మెరుపు కోసం ట్రెబుల్ పెంచితే పిక్ గీత, వేళ్ల జారుడే ముందుకొస్తాయి. పెంచడం కన్నా కోయడమే మేలు.

గిర్రుమనే హమ్ వస్తే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ కేబుల్ గ్రౌండ్ కలయికను విడదీసే బటన్) నొక్కండి. కరెంటు ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీయకండి, ప్రాణానికే ప్రమాదం.

ఒక్క తీగే నీరసంగా వినిపిస్తుంటే సౌండ్ ఇంజనీరు చేయగలిగింది తక్కువ. శాడిల్ అడుగు చదునుగా లేకపోయినా, కింద దుమ్ము చేరినా ఆ తీగ ఒత్తిడి పికప్‌కి సరిగా అందదు. తీగలు వదులు చేసి, శాడిల్ తీసి, గాడి శుభ్రం చేసి చూడండి. అడుగు అరగదీయాల్సి వస్తే ఆ పని గిటార్ రిపేరు చేసేవాళ్లకు వదలండి, ఎందుకంటే అతి కొద్దిగా ఎక్కువ అరిగినా తీగల ఎత్తు మారిపోతుంది.