పాత్ర నిలబడటం లేదా? తప్పు ఎక్కడుందో ఇలా వెతకండి

కర్నూలు, ఆదోని వైపు కొత్తగా కథలు రాస్తున్న పిల్లలు కొందరు తమ రాతలు నాకు చూపిస్తుంటారు. సంగతి బలంగానే ఉంటుంది. కరువు, వలస, అప్పు అన్నీ ఇంట్లో చూసినవే. అయినా చదివి పక్కన పెట్టాక కథలోని మనిషి గుర్తురాడు. ఈ తప్పు అందరికీ ఒకే చోట జరగదు. అందుకే లక్షణాన్ని బట్టి కారణం వెతకాలి.

లక్షణం: చదివినవాళ్లు "అయ్యో పాపం" అంటారు, తెల్లారేసరికి మర్చిపోతారు

నాకు ఎక్కువగా కనపడేది ఇదే. పాత్రకు కష్టం ఉంది గానీ కోరిక లేకపోవడం దీనికి కారణం.

పత్తికొండ మార్కెట్‌కు టమాటా తెచ్చిన రైతును తీసుకుందాం. పేరు ఈరన్న అనుకోండి. ఉరుకుంద ఈరన్న స్వామి పేరు పెట్టుకున్నవాళ్లు ఆ వైపు చాలామంది ఉంటారు. పంటంతా ఒక్కసారిగా వచ్చిపడి, కిలో రూపాయికో రెండు రూపాయలకో దిగిపోయే రోజులు అక్కడ నిజంగానే ఉంటాయి. కథలో ఈరన్న తల పట్టుకుంటాడు, ఆకాశం వైపు చూస్తాడు, కళ్లు తుడుచుకుంటాడు. అబద్ధమేమీ లేదు. కానీ ఆ చోట ఏ రైతును కూర్చోబెట్టినా ఇంతే కదా, ఇందులో ఈరన్న ఎక్కడున్నాడు?

సాయంత్రంలోపు తీరాల్సిన చిన్న కోరిక ఒకటి ఇవ్వండి. కర్నూలు హాస్టల్లో చదువుతున్న కూతురికి పరీక్ష ఫీజు కట్టడానికి రేపే ఆఖరు రోజు. ఇక ఈరన్న ఊరికే కూర్చోలేడు.

"వచ్చిన డబ్బు ఆటో బాడుగకు చాలలేదు. 'తర్వాత ఇద్దువులే మామా' అన్నాడు డ్రైవరు. ఈరన్న వినలేదు. లోపలి జేబులోంచి ఇంకో నోటు తీసి చేతిలో పెట్టాడు. అంతలో ఫోన్ మోగింది. 'ధర బాగనే పలికింది పాపా. రేపు పొద్దున్నే నేనే వచ్చి కడతా' అన్నాడు. ఫోన్ పెట్టేసి ఖాళీ బాక్సులు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు."

బాధ అనే మాటే లేదు. బాకీ ఉంచుకోలేని రోషం ఒకపక్క, కూతురు దిగులు పడకూడదన్న ఆరాటం ఇంకోపక్క. ఒకటి నిలబెట్టుకోబోయి రెండోది చిక్కుల్లో పడేశాడు. రేపు ఏం చేస్తాడో అని చదివేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. కష్టం ఒక్కటే చూపిస్తే జాలిపడి ఊరుకుంటారు. ఆ కష్టంలో అతను ఏం చేశాడో చూపిస్తే అతని వెంట నడుస్తారు. కాబట్టి మీ కథ తీసి, ఈ రోజు పొద్దుగూకే లోపల ఈ మనిషికి ఏం కావాలి అని అడగండి. జవాబు దొరక్కపోతే ముందుకు రాయకండి.

లక్షణం: పాత్ర ఏడుస్తోంది, చదివేవాళ్లకు ఏమీ అనిపించదు

కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోతాయి. పిల్లల్ని జేజి (అవ్వ) దగ్గర వదిలిపోయే తల్లులు ఎందరో. దీని మీద వచ్చే కథల్లో తల్లి గుండె చెరువవుతుంది, కన్నీరు మున్నీరవుతుంది. ఈ మాటలు ఇప్పటికే ఎన్నోసార్లు వాడి అరిగిపోయాయి. కనపడాల్సిన పని చోట భావం పేరు పెట్టారు, అంతే జరిగింది.

ఆ మాటలన్నీ కొట్టేసి, బండి ఎక్కేముందు ఆమె చేతులు ఏం చేస్తున్నాయో రాయండి. కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని గోళ్లు తీస్తోంది. చేతివి అయ్యాయి, కాళ్లవి మొదలుపెట్టింది. బయట హారన్ కొడుతున్నారు. "మొన్ననే తీస్తివి కదమ్మా" అంటాడు వాడు. ఆమె వినిపించుకోదు. ఇక్కడ ఆపేయండి. "ఆమెకు బాధగా ఉంది" అని ఇంకో వాక్యం కలపాలని చేయి లాగుతుంది, కలపకండి. ఆ వాక్యం చదివేవాళ్లు మనసులో రాసుకుంటారు.

లక్షణం: అందరూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు

సంభాషణల్లో పేర్లు చేత్తో మూసి చదవండి. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే అందరి నోటా మీరే మాట్లాడుతున్నారన్నమాట. దీనికి మందుగా కొందరు ప్రతి మాటనూ యాసలో ముంచేస్తారు. అప్పుడు యాస మిగులుతుంది గానీ మనిషి మిగలడు. పిలుపులో, క్రియ చివర్లో కొంచెం యాస చాలు. యాస కంటే ముఖ్యం, ఎవరితో మాట్లాడేటప్పుడు గొంతు మారుతుంది అన్నది. వడ్డీకి డబ్బు అడగబోయిన ఇంట్లో ఒక ఇల్లాలు ఎంత మెల్లగా మాట్లాడుతుందో, ఇంటికొచ్చి మొగుడితో ఎంత కటువుగా మాట్లాడుతుందో రెండూ వినిపించాలి. ఇంకొకటి, మన ఇళ్లలో ప్రేమను ఎవరూ నోటితో చెప్పరు. "తింటివా?" అని అడుగుతుంది జేజి. మీ కథలో ఆమె "నువ్వంటే నాకు ప్రాణం నాయనా" అంటోందంటే ఆ వాక్యం అనుమానించండి.

లక్షణం: సీమ మనిషి సినిమా మనిషిలా ఉన్నాడు

ఇది నాకు నిజంగా నొప్పి కలిగించే సంగతి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు కూడా ఊరి పెద్దను రాయగానే మీసం, సుమో, కొడవలి పెడుతున్నారు. తెర మీద చూసిన బొమ్మ, వీధిలో చూసిన మనిషి కంటే ముందు చేతికి తగలడమే కారణం. ఆ మనిషికి కోపం లేని ఒక గంట రాయండి. పొద్దున్నే ఉగ్గాని బజ్జి తింటూ, షుగరు మాత్ర వేసుకున్నానా లేదా అని తడబడే గంట. తర్వాత, తను చేసేది న్యాయమే అని అతను ఎందుకు నమ్ముతున్నాడో రాయండి. వడ్డీ వ్యాపారి కూడా తనను తాను దొంగ అనుకోడు. "కష్టంలో ఆదుకునేది నేనే కదా" అనుకుంటాడు. ఆ మాట అతని నోట నిజాయితీగా పలికిస్తే, చదివేవాళ్లకు అతని మీద ఇంకా ఎక్కువ భయం వేస్తుంది.

లక్షణం: చివరి పేజీలో హఠాత్తుగా మారిపోయాడు

తప్పు చివరి పేజీలో లేదు, మూడో పేజీలో ఉంది. వెనక్కి వెళ్లి, అతను తడబడిన చోట్లు రెండు పెట్టండి.

ఇవన్నీ సరిచేశాక కూడా పాత్ర కదలకపోతే, ఆ పాత్రను తీసేసి కథ మళ్లీ చదవండి. కథ చెక్కుచెదరకుండా ఉందంటే, అసలు మనిషి వేరే ఎవరో. ఈరన్న కథనే చూడండి. అతను కూతురికి చెప్పిన అబద్ధం, చేతిలో అతని చివరి నోటు పట్టుకుని నిలబడి విన్నవాడు ఒకడున్నాడు. ఆ ఆటో డ్రైవరు వైపు నుంచి ఒకసారి రాసి చూడండి.