వర్డ్ ఫారమ్ రెండోసారి నింపితే ఎర్రర్ 5941: నాకు పనిచేసిన పద్ధతి

అద్దె ఒప్పందాల కోసం వర్డ్‌లో మాక్రో (VBA) కోడ్‌తో ఒక యూజర్‌ఫారమ్, అంటే వివరాలు నింపే చిన్న విండో, కట్టుకున్నాను. ఓనర్ పేరు, అద్దె, అడ్వాన్స్ కొడితే బుక్‌మార్క్‌లు (డాక్యుమెంట్‌లో పేరు పెట్టి గుర్తించిన చోట్లు) ఉన్న చోట పడాలి. మొదటిసారి చక్కగా పడతాయి. అద్దె మార్చి మళ్లీ ఓకే నొక్కితే ఎర్రర్ 5941, అంటే అడిగినది డాక్యుమెంట్‌లో లేదని.

బుక్‌మార్క్‌ల పేర్లు మార్చడం, మాక్రో సెక్యూరిటీ తగ్గించడం, టెంప్లేట్ కొత్తగా చేయడం, దేనివల్లా లాభం లేకపోయింది.

అసలు సంగతేంటంటే, టెక్స్ట్‌ని చుట్టుకుని ఉన్న బుక్‌మార్క్ రేంజ్‌లో (అది పట్టుకున్న భాగంలో) కొత్త టెక్స్ట్ రాయగానే వర్డ్ ఆ బుక్‌మార్క్‌నే తీసేస్తుంది. రెండోసారి వెతికితే ఇంకెక్కడుంటుంది? అందుకే ముందు బుక్‌మార్క్ రేంజ్‌ని ఒక వేరియబుల్‌లో పెట్టాను. తర్వాత ఆ వేరియబుల్ ద్వారానే టెక్స్ట్ మార్చాను. కొత్త అక్షరాలు ఎంత ఉంటే రేంజ్ అంత మేరకు సర్దుకుంటుంది. వెంటనే బుక్‌మార్క్స్ డాట్ యాడ్‌కి పాత పేరు, ఈ రేంజ్ ఇచ్చి బుక్‌మార్క్‌ని తిరిగి నిలబెట్టాను. ఈ వరుస తప్పకూడదు. చివర్లో ఫీల్డ్స్ డాట్ అప్‌డేట్, ఎందుకంటే మిగతా పేజీల్లో ఓనర్ పేరు రెఫ్ ఫీల్డ్‌లుగా (బుక్‌మార్క్‌లోని టెక్స్ట్‌ని వేరే చోట మళ్లీ చూపించేవి) ఉంది.

ఇదంతా విండోస్ వర్డ్‌లో, మామూలు పేరాల్లో చూసిందే. టేబుల్ సెల్ మొత్తాన్ని పట్టుకున్న బుక్‌మార్క్‌లైతే ముందు ఒక కాపీ మీద ప్రయత్నించండి. హెడర్‌లోని ఫీల్డ్‌లు మాత్రం ఫీల్డ్స్ డాట్ అప్‌డేట్ అన్న ఆ ఒక్క లైన్‌తో మారవు, హెడర్ రేంజ్‌ని విడిగా అప్‌డేట్ చేయాలి.