ఓడ మీదికి క్షిపణి – 3వ పాఠం: మిగిలే సెకన్లు లెక్కేయడం

గత పాఠంలో క్షిపణి తన ముక్కులోని రాడార్‌తో ఓడను ఎలా వెతుక్కుంటుందో చూశాం. ఈసారి ఓడ వైపు నిలబడదాం. కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. ఏ యుద్ధనౌక గురించి చదివినా "దీని చేతిలో ఎన్ని సెకన్లు ఉంటాయి, ఎన్నిసార్లు కాల్చగలదు" అన్నది మీరే తేల్చగలగాలి. వచ్చే క్షిపణిని కూల్చడానికి ఓడ కాల్చే రక్షణ క్షిపణి 70 కిలోమీటర్లు వెళ్తుందని బ్రోషర్‌లో రాసి ఉండొచ్చు. కానీ కనిపించని దాన్ని కాల్చలేం కదా.

భూమి వంపు వల్ల, అలల మీదుగా తక్కువ ఎత్తులో వచ్చే క్షిపణి చాలా దగ్గరికి వచ్చేదాకా ఓడ రాడార్‌కు చిక్కదు. ఎంత దగ్గరికి అన్నది చిన్న లెక్క. రాడార్ ఎత్తును మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టండి. క్షిపణి ఎగిరే ఎత్తుకూ అలాగే కట్టండి. రెండూ కలిపి 4.12తో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. (గాలిలో రాడార్ తరంగాలు కాస్త కిందికి వంగుతాయి. ఆ వంపు 4.12లో కలిసే ఉంది.)

రాడార్ 20 మీటర్ల ఎత్తున ఉంది, క్షిపణి 4 మీటర్ల ఎత్తున వస్తోంది అనుకుందాం. వర్గమూలాలు 4.47, 2. మొత్తం 6.47. గుణిస్తే 26.7 కిలోమీటర్లు. సెకనుకు 300 మీటర్ల వేగంతో వస్తే ఓడకు 89 సెకన్లు. ధ్వనికి రెట్టింపు వేగంతో, అంటే సెకనుకు సుమారు 680 మీటర్లతో వస్తే 39 సెకన్లు.

రాడార్‌ను రెట్టింపు ఎత్తుకు, 40 మీటర్లకు ఎక్కిస్తే? దూరం 34.3 కిలోమీటర్లు అవుతుంది. రెట్టింపు ఎత్తుకు దక్కింది ఏడున్నర కిలోమీటర్లే. అదే రాడార్‌ను హెలికాప్టర్‌కు కట్టి 1000 మీటర్లు పైకి పంపితే దాదాపు 138 కిలోమీటర్లు. బ్రిటన్ ఈ పాఠాన్ని రక్తం ధారపోసి నేర్చుకుంది. 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధానికి వెళ్లిన బ్రిటిష్ నౌకాదళం దగ్గర గాల్లోంచి కాపలా కాసే రాడార్ లేదు. ఆ ఏడాదే హడావిడిగా సీ కింగ్ హెలికాప్టర్లకు రాడార్లు బిగించారు.

ఇక అసలు లెక్క. ఆ 89 సెకన్లూ కాల్చడానికి దొరకవు. తెర మీద చుక్క కనిపించాలి, అది అల కాదు, పక్షి కాదు అని తేలాలి, ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోవాలి. ఇందుకు 20 సెకన్లు పట్టిందనుకుందాం. ఈలోగా క్షిపణి 6 కిలోమీటర్లు వచ్చేసింది, మిగిలింది 20.7. మన రక్షణ క్షిపణి సగటున సెకనుకు 600 మీటర్లు వెళ్తే (ఇది పాఠం కోసం పెట్టుకున్న అంకె), రెండూ ఎదురెదురుగా సెకనుకు 900 మీటర్ల చొప్పున దగ్గరవుతాయి. 23 సెకన్లకు, ఓడకు 13.8 కిలోమీటర్ల దూరంలో కలుస్తాయి. తగిలిందో లేదో చూసుకోవడానికి 5 సెకన్లు ఇవ్వండి. రెండోసారి కాలిస్తే 8.2 కిలోమీటర్ల దగ్గర, మూడోసారి 4.5 దగ్గర. మూడు కిలోమీటర్ల లోపల రక్షణ క్షిపణి పనిచేయదని పెట్టుకుంటే నాలుగో అవకాశం లేదు.

అదే 680 మీటర్ల వేగంతో చేసి చూడండి. మొదటి కలయికే 6.1 కిలోమీటర్ల దగ్గర, ఆపైన సమయం లేదు. ఒక్కటే అవకాశం.

ఇప్పుడు 20 సెకన్లకు బదులు 50 పెట్టండి. మెల్లగా వచ్చేదాని మీద మూడు అవకాశాలు రెండవుతాయి. వేగంగా వచ్చేదైతే మనం తేల్చుకునేలోపే ఓడను తాకేస్తుంది. అందుకే నేను క్షిపణి వేగం కన్నా ముందు ఈ అంకె గురించే అడుగుతాను. ఇది మనుషుల చేతిలో ఉండే అంకె.

1982 మే 4న బ్రిటిష్ డిస్ట్రాయర్ షెఫీల్డ్ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. అర్జెంటీనాకు చెందిన రెండు సూపర్ ఎటెండార్డ్ విమానాలు కింద కిందగా వచ్చి, రాడార్‌తో వెతకడానికి కాస్త పైకి లేచాయి. పక్కనున్న గ్లాస్గో అనే ఓడ వాటిని పసిగట్టి హెచ్చరించింది, తన చాఫ్ (క్షిపణి రాడార్‌ను మోసగించే సన్నటి లోహపు తునకలు) తను వదిలింది. షెఫీల్డ్‌లో ఉపగ్రహ సమాచార పరికరం నడుస్తుండటంతో శత్రు రాడార్ సంకేతాలను పట్టే పరికరం మూగబోయింది. వాయు రక్షణ అధికారి ఆపరేషన్స్ రూమ్‌లో లేరు. సీ డార్ట్ అనే రక్షణ క్షిపణులున్న ఆ ఓడ ఒక్కటీ కాల్చలేదు, చాఫ్ కూడా వదల్లేదు. ఆ విమానాలు వదిలిన ఎక్సోసెట్ క్షిపణి తగిలి 20 మంది చనిపోయారు. మే 10న లాక్కెళ్తుండగా ఓడ మునిగింది.

ఎత్తుగా వచ్చే క్షిపణి అయితే తప్పించుకోవచ్చా అంటే అదీ లేదు. విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు చూసినవాళ్లకు డిసెంబరు 4 గుర్తుండే ఉంటుంది. 1971లో కరాచీ మీద మన క్షిపణి పడవలు చేసిన దాడికి గుర్తుగానే ఆ రోజు. అప్పుడు వాడిన సోవియట్ స్టిక్స్ క్షిపణి వంద మీటర్లకు అటూఇటూ ఎత్తులో ఎగిరేది. మన సూత్రంలో వేస్తే దాదాపు 60 కిలోమీటర్ల నుంచే కనిపించాలి. కానీ పాకిస్తాన్ ఓడ ఖైబర్ సిబ్బంది దాన్ని విమానం అనుకున్నారు. ఓడ మునిగిపోయింది.

క్షిపణులన్నీ తప్పితే మిగిలేది తుపాకీ. అమెరికన్ ఫలాంక్స్, మన ఓడల మీద ఉండే ఏకే-630 ఈ కోవవి, నిమిషానికి వేల తూటాలు కక్కుతాయి. ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో కాల్పులు మొదలైతే 300 మీటర్ల వేగానికి మిగిలేది 5 సెకన్లు. అప్పుడు పేల్చినా ముక్కలు అదే వేగంతో ఓడ మీదే పడొచ్చు.

ఇంటి పని: రాడార్ 25 మీటర్లు, క్షిపణి 9 మీటర్లు, వేగం సెకనుకు 250 మీటర్లు. మిగతావన్నీ పైవే. మొదట 20 సెకన్ల ఆలస్యంతో, తర్వాత 60తో ఎన్ని అవకాశాలో కట్టండి. కనిపించే దూరం 33 కిలోమీటర్లకు దగ్గరగా వస్తే దారిలోనే ఉన్నట్టు. మిగతా జవాబులు 4వ పాఠంలో. అందులో అసలు కాల్చకుండా క్షిపణిని దారి తప్పించే చాఫ్, డెకాయ్‌ల (నకిలీ లక్ష్యాల) లెక్క చూద్దాం.