అంకెలతో కాపురం – 4వ పాఠం: రెండు వలసల్లో ఎవరు బాగున్నట్టు?

కిందటి పాఠం చివర ఒక పని చెప్పాను. మీ చుట్టుపక్కల బతకడానికి వచ్చిన రెండు గుంపుల్ని చూసి, ఎవరి పరిస్థితి మెరుగో ఒక్క వాక్యంలో రాసుకోండి అని. రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి. పాఠం అయ్యేసరికి ఆ వాక్యాన్ని కొట్టేయాల్సి రావచ్చు. నాది నేను మూడుసార్లు కొట్టేశాను.

మేముండేది బెంగళూరులో వర్తూరు వైపు. మా అపార్ట్‌మెంట్ పక్కన రెండేళ్ళుగా ఒక టవర్ లేస్తోంది. దాని వెనక నీలం రేకుల షెడ్లు రెండు వరసలు. ఒక వరసలో కదిరి, ముదిగుబ్బ వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు. మగవాళ్ళు బేల్దారి పని చేస్తారు, ఆడవాళ్ళు ఇసుక, సిమెంటు మోస్తారు. రెండో వరసలో ఒడిశా కుర్రాళ్ళు. కడ్డీలు వంచడం, సెంటరింగ్ వాళ్ళ పని. వాళ్ళ వైపు ఆడమనిషి లేదు, చంటిపిల్ల లేదు. సాయంత్రం తెలుగు వరస ముందు ఇంటికో పొయ్యి వెలుగుతుంది. అటువైపు గదికి ఒక పెద్ద గిన్నె, వంతులవారీగా వంట. ఈ గిన్నెను గుర్తుపెట్టుకోండి, దానితో పనుంది.

నేను మొదట రాసుకున్న వాక్యం: "ఒడిశా వాళ్ళే బాగున్నారు." ఎందుకంటే వాళ్ళలో ప్రతి ఒక్కడి చేతిలోనూ కూలి డబ్బులు కనిపించాయి, తెలుగు ఇళ్ళలో తినే నోళ్ళు ఎక్కువ కనిపించాయి. చూపుకి అందిన లెక్క అంతే.

ముందు కూలి, తర్వాత నెల

రోజుకూలి అడగడం తేలిక. అందుకే అందరం అదే అడిగి, అదే ఆదాయం అనుకుంటాం. నేనూ నోట్‌బుక్కు పట్టుకుని అదే అడుగుతుంటే, సిమెంటు బొచ్చె కడుగుతున్న ఒకావిడ తల కూడా ఎత్తకుండా అంది: "కూలి రాసుకుంటే అయిపాయెనా సార్? పని లేని దినాలు ఎవురు రాస్తారు?"

అప్పుడు రెండో కాలమ్ గీశాను: నెలలో పని దొరికిన రోజులు. వాన పడితే స్లాబు ఆగుతుంది, కాంక్రీటు లారీ రాకపోతే సగం రోజు పోతుంది, బిడ్డకు జ్వరమొస్తే తల్లి పని మానేస్తుంది. ఇంకొక మెలిక కూడా ఉంది. చాలా సైట్లలో ఆదివారం ఆదివారం ఖర్చులకు కొంత ఇచ్చి, మిగతాది పని అయిపోయాక ఇస్తారు. చేతికి రాని ఆ డబ్బు ఆదాయమా, బాకీయా? నా పద్ధతి ఏమిటంటే, దాన్ని విడిగా "రావలసింది" అని రాసుకుంటాను, మొత్తంలో కలపను. ఎగ్గొట్టిన మేస్త్రీల కథలు విన్నాక కలపడానికి చెయ్యి రాదు.

అసలు మెలిక: ఎవరిని ఒక ఇల్లు అంటాం?

ఇక్కడ కాసేపు ఆగుదాం. రెండు గుంపుల పోలికలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

మన దేశంలో జాతీయ నమూనా సర్వే వాళ్ళు కుటుంబం అంటే మామూలుగా కలిసి ఉంటూ, ఒకే వంటింట్లో తినేవాళ్ళు అని నిర్వచిస్తారు. రక్తసంబంధం అక్కర్లేదు. అంటే ఆ పెద్ద గిన్నె చుట్టూ కూర్చునే నలుగురు కుర్రాళ్ళూ లెక్క ప్రకారం ఒక కుటుంబమే.

ఇప్పుడు అంకెలు వేద్దాం. ఇవి లెక్క నేర్చుకోడానికి నేను వేసుకున్న అంకెలు, సర్వేలో తేలినవి కావు.

తెలుగు ఇల్లు: భర్తకు రోజుకు 900, నెలలో 24 రోజులు, అంటే 21,600. భార్యకు 600, 20 రోజులు, 12,000. మొత్తం 33,600. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తగారితో కలిపి ఐదుగురు. తలకు 6,720.

ఒడిశా గది: నలుగురికీ రోజుకు 700, నెలకు 27 రోజులు. ఒక్కొక్కరికి 18,900, నలుగురికీ కలిపి 75,600. తలకు 18,900.

ఇల్లు చొప్పున చూసినా, తల చొప్పున చూసినా ఒడిశా గదే గెలిచింది. కానీ ఆ కుర్రాడు పంపే డబ్బుతో బతికేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. తల్లి, తండ్రి, భార్య, ఒక బిడ్డ ఉన్నారనుకోండి. అతనితో ఐదుగురు. ఊళ్ళో వాళ్ళు సంపాదించేది నెలకు 4,000 అనుకుందాం. 18,900కి 4,000 కలిపి ఐదుతో భాగిస్తే తలకు 4,580. ఇప్పుడు తెలుగు ఇల్లు పైకి వచ్చింది!

మనుషులు వాళ్ళే, కూలి అదే. మారింది గీత గీసిన చోటు. తెలుగు కుటుంబం తన ఖర్చునంతా వెంట తెచ్చుకుంది, అందుకే మన కంటికి బీదగా కనిపించింది. ఒడిశా కుర్రాడు తన ఖర్చును ఊళ్ళో దాచి వచ్చాడు. నా మొదటి వాక్యాన్ని కొట్టేసింది ఈ లెక్క దగ్గరే.

కాబట్టి కుటుంబాలతో వచ్చిన వలసనూ, ఒంటరిగా వచ్చిన వలసనూ పోల్చేటప్పుడు ఊరికి పంపే డబ్బు కాలమ్ లేకపోతే ఆ పోలికను పక్కన పడేయొచ్చు. ఎంత పంపుతున్నారు, దానిమీద ఎందరు బతుకుతున్నారు, ఈ రెండూ అడగాలి. మొదటిది అడిగితే ఫోన్ తీసి పంపిన రసీదులే చూపిస్తారు. రెండోది అడిగితే కొంచెం ఆలోచిస్తారు, పెళ్ళి కావలసిన చెల్లెలు గుర్తొస్తుంది.

చిన్న సవరణ ఒకటి. ఐదుగురు కలిసి ఉంటే ఖర్చు ఐదింతలు కాదు. గ్యాసు ఒకటే, ఫ్యాను ఒకటే. అందుకే లెక్కలు వేసేవాళ్ళు చాలాసార్లు తలలతో కాకుండా తలల వర్గమూలంతో భాగిస్తారు. ఐదుకు వర్గమూలం సుమారు 2.24. 33,600ను దానితో భాగిస్తే 15,000. బాగుంది. అయితే ఈ సూత్రాన్ని ఒడిశా కుర్రాడికీ, ఊళ్ళో ఉన్న అతని వాళ్ళకీ కలిపి వాడకండి. వాళ్ళకు పొయ్యిలు రెండు, ఫ్యాన్లు రెండు. కలిసి ఉండటంలో మిగిలే డబ్బు వాళ్ళకు మిగలదు.

ఇంకో గుంట కూడా చూపించి వెళ్తాను. కేంద్రం జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం 2023-24లో పట్టణాల్లో తలసరి నెల ఖర్చు సగటున 6,996 రూపాయలు, పల్లెల్లో 4,122. మన తెలుగు ఇంటి 6,720ని దాని పక్కన పెట్టి "దాదాపు సగటు మనుషులే" అనాలనిపిస్తుంది. అనకండి. అది ఖర్చు, ఇది ఆదాయం.

వచ్చి ఎన్నేళ్ళయింది?

ఇది నా రెండో తప్పు. మా పేటలో పదిహేనేళ్ళ క్రితం వచ్చిన తెలుగువాళ్ళను కొందరిని అడిగాను. ఒకాయన టైల్స్ పని కాంట్రాక్టుకు తీసుకుంటున్నాడు, ఇంకొకాయన సొంతంగా టెంపో నడుపుతున్నాడు. నిరుడు వచ్చినవాళ్ళు ఇంకా రేకుల కిందే ఉన్నారు. "పదిహేనేళ్ళు ఓపిక పడితే కుదురుకుంటారు" అని రాసేశాను. టెంపో ఆయనకే చదివి వినిపిస్తే నవ్వాడు. "నాతో పద్నాలుగు మంది వచ్చినారు సార్. ఈడ ఉండేది ముగ్గురం."

మిగతా పదకొండు మంది నా నోట్‌బుక్కులో ఎక్కడున్నారు? కుదరక వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళు ఇక్కడ అడిగితే దొరకరు కదా.

ఇలాంటి మెలిక పెద్ద పండితులకూ ఎదురైంది. 1978లో బారీ చిస్విక్ అనే ఆర్థికవేత్త 1970 నాటి అమెరికా జనాభా లెక్కలు తీసుకుని, వలస వచ్చినవాళ్ళ సంపాదన మొదట్లో స్థానికుల కంటే తక్కువున్నా, పది పదిహేనేళ్ళలో వాళ్ళను దాటిపోతోందని చూపించాడు. వినడానికి హాయిగా ఉండే ఫలితం. 1985లో జార్జ్ బోర్హాస్ దాన్ని కదిపాడు. ఆయన కూడా వలస వచ్చినవాడే, చిన్నతనంలో క్యూబా నుంచి. ఆయన వాదన ఇది: ఒకే ఏడాది లెక్కలో కనిపించే పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ వేర్వేరు మనుషులు. పాతవాళ్ళు మొదటినుంచీ ఎక్కువ నైపుణ్యంతో వచ్చి ఉండొచ్చు. తాతనూ మనవడినీ ఒకే ఫోటోలో చూసి, మనవడు పెద్దయ్యాక అచ్చం ఈ తాతలాగే అవుతాడనుకుంటే ఎలా? అందుకని ఆయన 1970, 1980 లెక్కలు రెండూ తీసుకుని, ఒకే కాలంలో వచ్చిన జట్టు పదేళ్ళలో ఎంత ఎదిగిందో చూశాడు. ఎదుగుదల ముందు అనుకున్నదానికంటే బాగా తక్కువని తేలింది.

మనం చేయగలిగింది చిన్నదే. రెండు గుంపుల్లోనూ ఒకే కాలంలో వచ్చినవాళ్ళను ఎంచుకోవడం, "మీతో వచ్చినవాళ్ళు ఎంతమంది, ఇప్పుడెక్కడ?" అని తప్పకుండా అడగడం.

పార్కులో వినిపించే అమెరికా లెక్క

మా అపార్ట్‌మెంట్ పార్కులో సాయంత్రం నడకకొచ్చే పెద్దవాళ్ళలో సగం మందికి పిల్లలు అమెరికాలో ఉన్నారు. నెలకోసారైనా వాట్సాప్‌లో వచ్చిన ఒక సందేశం చదివి వినిపిస్తారు: "అక్కడ మనవాళ్ళే నంబర్ వన్ అండీ, చైనా వాళ్ళు కూడా మన వెనకే."

అంకె అబద్ధం కాదు. 2023 సర్వే వివరాల మీద ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ వేసిన లెక్కలో భారతీయ మూలాలున్న కుటుంబాల మధ్యగత ఆదాయం ఏడాదికి 1,50,000 డాలర్ల పైచిలుకు. చైనా మూలాల వాళ్ళది 1,00,000 పైచిలుకు. అమెరికా మొత్తం మీద చూస్తే 80,000 దగ్గర. మధ్యగతం గురించి రెండో పాఠంలో చెప్పుకున్నాం: ఇళ్ళన్నిటినీ ఆదాయం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే ఇంటి ఆదాయం.

కానీ "కాబట్టి మనవాళ్ళు ఎక్కువ తెలివైనవాళ్ళు" అనే ముందు తలుపు వైపు చూడండి. ఏ జల్లెడలోంచి జారి ఎవరు లోపలికి వచ్చారు? చైనా నుంచి వలస పందొమ్మిదో శతాబ్దంలో బంగారు గనులకూ, రైలు పట్టాల పనికీ వచ్చిన కూలీలతో మొదలైంది. 1882లో చట్టం చేసి మరీ వాళ్ళకు తలుపు మూశారు, 1943లో గానీ తీయలేదు. వలస నియమాలు మార్చిన 1965 చట్టం తర్వాత బంధువుల వెంట బంధువులు వచ్చారు. వాళ్ళలో హోటల్లో గిన్నెలు కడిగినవాళ్ళూ ఉన్నారు, ప్రొఫెసర్లూ ఉన్నారు. మనవాళ్ళలో ఎక్కువమంది చాలా తర్వాత, చదువు చూసి తెరిచే తలుపులోంచి వెళ్ళారు. 1990 చట్టంతో వచ్చిన హెచ్‌1బి వీసాకు, అంటే నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే వీసాకు, మామూలుగా డిగ్రీ గానీ దానికి సమానమైన అర్హత గానీ ఉండాల్సిందే. ఏటా కొత్తగా ఇచ్చే కోటా 85,000. పొడిగింపులతో కలిపి మొత్తం ఆమోదాల్లో నూటికి డెబ్బైకి పైగా భారతీయులవే. అమెరికాలోని భారతీయుల్లో పాతికేళ్ళు దాటినవాళ్ళలో నూటికి 77 మంది పట్టభద్రులు, మొత్తం అమెరికన్లలో 36 మందే. ఇక మన దేశంలో పట్టభద్రులు ఎందరో మీ ఊరిని తలుచుకుంటే చాలు.

అంటే ఆ 1,50,000లో సగం కథ జల్లెడది. మా పక్క షెడ్డులో ఉన్న ముదిగుబ్బ మనిషి ఆ జల్లెడ దాటే అవకాశమే లేదు, దాటి ఉంటే ఆ అంకె కిందికి దిగేది.

అలాంటప్పుడు ఏం చేయాలి? ఒకే వయసు, ఒకే చదువు, ఒకే ఊరు, ఒకే కాలంలో వచ్చినవాళ్ళను పక్కపక్కన పెట్టాలి. శాన్‌హోసేలో ఉన్న 35 ఏళ్ళ భారతీయ ఇంజనీరును శాన్‌హోసేలోనే ఉన్న 35 ఏళ్ళ చైనా ఇంజనీరుతో పోల్చాలి. అప్పుడు తేడా బాగా తగ్గుతుంది.

నా మూడో తప్పు ఇక్కడ జరిగింది. ఇలా సమానం చేసుకుంటూ పోవడం నేర్చుకున్నాక, షెడ్ల లెక్కలోనూ అన్నీ సమానం చేసేశాను. వయసు, పని, వచ్చిన ఏడాది, చదువు. ఆఖరికి రెండు వరసలకూ తేడా లేదని తేలింది. గొప్పగా అనిపించింది. తర్వాత తట్టింది, నేను వేరే ప్రశ్నకు జవాబు చెప్పానని. "ఒకేలాంటి ఇద్దరికి ఒకేలాంటి డబ్బు వస్తోందా?" అన్నది ఒక ప్రశ్న. "ఈ జనం బాగున్నారా?" అన్నది ఇంకొకటి. ఒక గుంపులో చదువుకున్నవాళ్ళే తక్కువైతే, ఆ లోటు వాళ్ళ బతుకులో భాగం. దాన్ని సమానం చేసి చెరిపేస్తే లెక్క శుభ్రంగా ఉంటుంది, మనిషి మాయమవుతాడు. ఏ ప్రశ్న అడుగుతున్నారో కాగితం మీద పైనే రాసుకోండి. నేనిప్పుడు రెండు ప్రశ్నలకు రెండు పేజీలు పెడుతున్నాను.

ధరల సంగతి రెండు ముక్కల్లో. షెడ్డుకు అద్దె లేదు, అది కూడా ఆదాయమే. బయట గది తీసుకుంటే అద్దె కాక నెలల తరబడి అడ్వాన్సు కట్టాలి. ఉచితంగా వచ్చిన గూడుకు బయటి అద్దె ఎంతో కనుక్కుని రాసుకోండి. ట్యాంకర్ నీళ్ళు ఎవరి ఖర్చో కూడా అడగండి.

ఈ వారం పని

గుంపుకు మూడేసి ఇళ్ళు చాలు. కాలమ్‌లు ఇవి: పని చేసిన రోజులు, చేతికొచ్చిన డబ్బు, రావలసింది, ఇక్కడ తినేవాళ్ళు, ఊళ్ళో తినేవాళ్ళు, వచ్చిన ఏడాది, వెనక్కి వెళ్ళిపోయిన తోటివాళ్ళు. పేర్లు రాయొద్దు, ఇల్లు 1, ఇల్లు 2 చాలు. పనివేళలో అడగొద్దు, ఆదివారం పొద్దున్న వెళ్ళండి, నీళ్ళ ట్యాంకర్ వచ్చే టైము తప్పించి.

వచ్చే పాఠం అప్పుల మీద. బోరు కోసం చేసిన అప్పునూ, అమెరికా చదువుకు చేసిన అప్పునూ ఒకే కాగితం మీద ఎలా రాయాలో చూద్దాం. వీలైతే ఇప్పుడే ఒక ప్రశ్న అదనంగా అడిగి రాసుకురండి: వడ్డీ ఎంత? "రెండు రూపాయలు" అంటే దాన్ని అలాగే రాయండి. ఏడాదికి నూటికి ఇరవై నాలుగు అని మార్చే పని ఇద్దరం కలిసి చేద్దాం.